నాలుగు నెలలు నిండని తొలి కార్మిక ప్రభుత్వం, దాని వెనక 14 ఏళ్లు

కార్మికుల పార్టీ ఒక దేశానికి మొదటిసారి ఎన్నికల దారిలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది ఎక్కడ అని అడిగితే చాలామంది బ్రిటన్ అంటారు, 1924లో రామ్సే మెక్‌డొనాల్డ్ పేరు చెబుతారు. అది జరిగింది అంతకు 20 ఏళ్ల ముందే, ఆస్ట్రేలియాలో. 1904 ఏప్రిల్ 27న క్రిస్ వాట్సన్ మెల్‌బోర్న్‌లో ప్రధానిగా ప్రమాణం చేశాడు, అప్పటికి ఆయన వయసు 37. పుట్టింది చిలీలోని వాల్పరైసోలో, పెరిగింది న్యూజిలాండ్‌లో. చిన్నప్పుడే బడి మానేసి ప్రెస్సులో చేరి, సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చే కంపోజిటర్ పని నేర్చుకున్నాడు. సిడ్నీ వచ్చిన కొత్తలో గవర్నర్ బంగళా గుర్రపుశాలలో కూడా కొన్నాళ్లు పనిచేశాడు.

అలాంటి మనిషి ఆ కుర్చీ దాకా ఎలా వచ్చాడో తెలియాలంటే గెలిచిన సమ్మెల కంటే ఓడిన సమ్మెల గురించి ఎక్కువ చెప్పుకోవాలి.

గెలుపు మొదట ఒకటి ఉంది, 1856 నాటిది. మెల్‌బోర్న్ యూనివర్సిటీ కట్టడంలో ఉన్న రాతి మేస్త్రీలు ఏప్రిల్ 21న సుత్తులూ ఉలులూ కింద పెట్టి, దారిలో మిగతా కట్టడాల దగ్గర పనివాళ్లను కూడా కలుపుకుని పార్లమెంటు భవనం దాకా నడిచారు. అప్పుడది ఇంకా కడుతున్నారు. రోజుకు 8 గంటల పని, అంతకుముందు వచ్చిన జీతమే, ఇదీ వాళ్లు అడిగింది, సాధించుకున్నారు. ఆ భవనంలోనే 48 ఏళ్ల తర్వాత వాట్సన్ ప్రధానిగా కూర్చున్నాడు (కాన్‌బెర్రా తయారయ్యేదాకా, అంటే 1927 వరకు, దేశ పార్లమెంటు మెల్‌బోర్న్‌లోనే నడిచింది). ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ భవనం ఫోటో చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ మేస్త్రీలే.

తర్వాత 1890లో ఓడరేవుల సమ్మె. ఓడల్లో పనిచేసే ఆఫీసర్లు తమ సంఘాన్ని మెల్‌బోర్న్ ట్రేడ్స్ హాల్‌లో, అంటే కార్మిక సంఘాల సమాఖ్యలో కలపాలనుకున్నారు, యజమానులు కుదరదన్నారు. ఓడ సరుకు దింపే కూలీలు, నావికులు, బొగ్గుగని కార్మికులు అందరూ పని ఆపేశారు, అయినా మూడు నెలల్లో సమ్మె విరిగిపోయింది. మరుసటి ఏడాది క్వీన్స్‌లాండ్‌లో గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్ల వంతు. సంఘంతో మాకు సంబంధం లేదు, ఒక్కో మనిషితో విడిగా ఒప్పందం చేసుకుంటాం అని గొర్రెల మందల యజమానులు పట్టుబట్టారు. బార్కల్డైన్ అనే చిన్న ఊరి చుట్టూ గుడారాలు వేసుకుని వేలమంది కూర్చున్నారు, రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న చెట్టు కింద మీటింగులు పెట్టుకున్నారు. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. నాయకుల మీద కుట్ర కేసు పెట్టి కఠిన శిక్ష వేయించింది.

పోలీసు, కోర్టు, సైన్యం మూడూ యజమాని వైపే నిలబడితే సమ్మె ఎన్నాళ్లు నిలుస్తుంది? చట్టం చేసే చోటే మనవాళ్లు ఉండాలి అన్న మాట బలంగా వచ్చింది ఆ చెట్ల కిందా, ఆ రేవుల్లోనే. దానికి అడ్డుపడ్డ ఒక ఇబ్బంది అప్పటికే తొలగింది కూడా. న్యూ సౌత్ వేల్స్‌లో 1889 నుంచి ఎమ్మెల్యేలకు జీతం ఇవ్వడం మొదలుపెట్టారు. జీతం లేకపోతే కూలీ చేసుకునేవాడు సభకెలా వెళ్తాడు, ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? 1891లో అక్కడి 141 సీట్లలో కార్మికుల పార్టీ లేబర్ 35 గెలిచింది. నెలలు తిరగకుండానే దిగుమతి పన్నుల గొడవలో వాళ్లు రెండుగా చీలిపోయారు. ఆ దెబ్బతో నేర్చుకున్నదే ప్రమాణ పత్రం: పార్టీ సభ్యులంతా కూర్చుని మెజారిటీతో ఏది తీర్మానిస్తే సభలో దానికే ఓటేస్తానని టికెట్ తీసుకునేముందే సంతకం పెట్టాలి. మన దగ్గర విప్ అంటే పైనుంచి వచ్చే ఆర్డరు. ఇది కింద కూర్చున్నవాళ్లు తమకు తామే వేసుకున్న కట్టు, ఆ పార్టీ బలమంతా దీనిలోనే ఉందని నేను నమ్ముతాను. 1899 డిసెంబరులో క్వీన్స్‌లాండ్‌లో ఆండర్సన్ డాసన్ లేబర్ ప్రభుత్వం పెట్టాడు, వారం రోజులే నిలిచింది. కానీ రాష్ట్ర స్థాయిలో అయినా అలాంటిది ప్రపంచంలో అంతకుముందు లేదు.

1901లో ఆరు వలస రాష్ట్రాలు కలిసి ఒక దేశమయ్యాయి. 1903 ఎన్నికల తర్వాత మూడు పార్టీలకూ ఇంచుమించు సమానంగా సీట్లు. అప్పటి ప్రధాని ఆల్ఫ్రెడ్ డీకిన్ దీన్ని ఒకే మైదానంలో మూడు క్రికెట్ జట్లు దిగడంతో పోల్చాడు. కార్మికులకూ యజమానులకూ మధ్య తగాదాలు తీర్చడానికి ఆయన తెచ్చిన పారిశ్రామిక వివాదాల బిల్లు దగ్గర గొడవ వచ్చింది. 1903లోనే విక్టోరియా ప్రభుత్వం రైల్వే కార్మికుల సమ్మెను అణిచేసింది కాబట్టి రాష్ట్రాల రైల్వే ఉద్యోగులకు కూడా ఆ చట్టం వర్తించాలని లేబర్ పట్టుబట్టింది, సవరణ గెలిచింది, డీకిన్ రాజీనామా చేశాడు. గవర్నర్ జనరల్ లార్డ్ నార్త్‌కోట్ (అంతకుముందు మన బొంబాయి గవర్నరు) వాట్సన్‌ను పిలిచాడు. ఆయన కేబినెట్‌లో స్కాట్లాండ్ బొగ్గుగనుల నుంచి వచ్చిన ఆండ్రూ ఫిషర్ ఉన్నాడు, బిల్లీ హ్యూజ్ ఉన్నాడు. అటార్నీ జనరల్ పదవికి మాత్రం హిగ్గిన్స్ అనే లాయర్‌ను పార్టీ బయటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో అదే బిల్లులో, సంఘం సభ్యులకు పనిలో ప్రాధాన్యం ఇచ్చే క్లాజు మీద రెండు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఎన్నికలకు వెళ్తామంటే నార్త్‌కోట్ ఒప్పుకోలేదు. చట్టం చివరికి డిసెంబరులో వచ్చింది, వేరే ప్రధాని హయాంలో. 1910లో ఫిషర్ నాయకత్వంలో లేబర్ సొంత మెజారిటీతో తిరిగి వచ్చింది.

ఇంతవరకూ చదివితే మనసు సంతోషంగా ఉంటుంది. కానీ ఇదే పార్టీ తెల్ల ఆస్ట్రేలియా విధానానికి అందరికంటే గట్టిగా నిలబడింది. 1901 వలస నియంత్రణ చట్టంలో ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటలు చెప్పి రాయమనే పరీక్ష పెడితే, ఆ చాటు కూడా అక్కర్లేదు, ఆసియా ఆఫ్రికా వాళ్లను నేరుగా నిషేధించండి అని సవరణ తెచ్చింది వాట్సనే. అది నెగ్గలేదు గానీ ఉద్దేశం మాత్రం స్పష్టం. వలస విధానం నుంచి జాతి అనే ప్రస్తావనను 1973లో తీసేసింది కూడా లేబర్ ప్రభుత్వమే, ఈ రోజు సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో మనవాళ్లు ఇంతమంది ఉన్నారంటే ఆ మార్పు పుణ్యమే.

1904లో మనవాళ్లు ఎక్కడున్నారు? ఫిజీలో. 1903 నుంచి మద్రాసులో ఓడలెక్కించి తమిళులనూ తెలుగువాళ్లనూ ఐదేళ్ల గిర్మిట్ ఒప్పందం మీద తీసుకెళ్లారు. అక్కడ చెరుకు తోటలూ మిల్లులూ ఎక్కువగా నడిపింది కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ, దాని హెడ్డాఫీసు సిడ్నీ. కూలీ లైన్లలో, అంటే కూలీల కోసం వరుసగా కట్టిన ఇళ్లలో, 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గదిలో ముగ్గురు మగవాళ్లు పడుకునేవాళ్లు.

వాట్సన్ కేబినెట్‌లో అటార్నీ జనరల్‌గా చేసిన ఆ హిగ్గిన్సే 1907లో జడ్జిగా మెల్‌బోర్న్‌లో ఒక వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీ కేసు విన్నాడు. కార్మికుల భార్యలను పిలిపించి అద్దెకెంత, రొట్టెకెంత, మాంసానికెంత, కట్టెలకెంత అని అడిగి లెక్కలు రాసుకున్నాడు. నైపుణ్యం లేని కూలీ అయినా భార్యాపిల్లలతో మనిషిలా బతకాలంటే రోజుకు 7 షిల్లింగులైనా ఉండాలని తీర్పు చెప్పాడు. ఫిజీ గిర్మిట్ కాగితంలో మగవాడికి రాసిన కూలి రోజుకు 1 షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు, అదీ ఓవర్సీరు కొలిచి ఇచ్చిన పని ఆ రోజుకి పూర్తి చేస్తేనే.