విత్తన పొట్టేలు: అపోహలు - వాస్తవాలు

బక్రీద్ అయిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, గొర్రె పిల్లలు బరువు వస్తలేవు, మంద సన్నబడుతున్నది, ఏం మందు తాపాలె?" నేను ముందు అడిగేది ఒకటే: "పోయినేడు పెద్ద పొట్టేలు పిల్లలను ఏం జేసినవ్?" "అమ్మిన. మంచి రేటొచ్చింది." మరి ఇప్పుడు మందలో తిరిగేది ఏది? బేరగాడు వద్దని వదిలేసింది!

గొర్రెలు మంచివైతే చాలు, పొట్టేలు ఏదైతేనేం అనుకోవడమే మనల్ని ముంచుతోంది. గొర్రె ఈతకు ఒక పిల్లను ఇస్తుంది, ఎప్పుడో రెండు. ముప్పై గొర్రెల్లో వదిలిన పొట్టేలు ఆ ఈత పిల్లలన్నిటికీ తండ్రి. ఏటేటా బాగా పెరిగేవాటిని కోతకు పంపి, పెరగనివాటిని విత్తనానికి ఉంచితే పెరగని మందే తయారవుతుంది. దానికి టానిక్కులేం చేస్తాయి?

మా నాయనా ఇదే చేసేవాడు. దేవరకొండ దగ్గర మా దొడ్లో నేను వేపకొమ్మకు కాటా కట్టి, పిల్లను గోనెసంచిలో కూర్చోబెట్టి తూచిన మొదటి రోజు, దిష్టి తగుల్తదని అమ్మ కసిరింది. పుట్టిన బరువు, మూడు నెలల బరువు, ఒంటిదా జంటదా అన్నీ పాత క్యాలెండర్ వెనక రాసుకున్నా. అందరి కళ్ళూ పడ్డ పిల్ల తల్లి పాలన్నీ ఒక్కటే తాగిన ఒంటి పిల్ల. జంటలోది దానికంటే కిలోన్నర తక్కువ తూగింది, కానీ సగం పాలతో. విత్తనానికి దాన్నే ఉంచా. నాయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

పెబ్బేరు సంతలో లావుపాటిది కొంటే సరిపోదా? ఆ లావు మక్కలు పెట్టి తెచ్చింది కూడా కావచ్చు. పళ్ళు, గిట్టలు చూసి, వెనక్కి వెళ్ళి బీజాలు పట్టి చూడండి. రెండూ సమానంగా, గట్టిగా ఉండాలి, గడ్డలుండకూడదు. సిగ్గుపడితే నష్టం మీదే. గట్టి జ్వరం వచ్చి తగ్గిన పొట్టేలు పైకి బాగానే ఉన్నా, రెండు నెలల దాకా గొర్రెలు కట్టకపోవచ్చు (సూడి నిలవకపోవచ్చు). గొర్రెలదే దోషమని వాటిని అమ్మేసుకుని ఏడ్చినవాళ్ళను చూశా.

పొట్టేలు పనిచేస్తోందో లేదో తెలియడానికి ఈత దాకా ఐదు నెలలు ఎదురుచూడక్కర్లేదు. జాజును (ఎర్రమట్టి రంగును) నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పూయండి. అది దాటిన (ఎక్కిన) గొర్రె నడుము మీద ఎరుపు అంటుతుంది. పదిహేడు రోజులకు రంగు మార్చి నీలం పూయండి. ఎరుపు మీదే నీలం కూడా చాలా గొర్రెలకు పడితే, అవి మళ్ళీ ఎదకొచ్చాయని, అంటే కట్టలేదని అర్థం. ముందు పొట్టేలును డాక్టరుకు చూపించండి.

సూడి గొర్రెకు నట్టల (కడుపులో పురుగుల) మందు తాపితే ఈసుకుపోతుందనేది (కడుపు పోతుందనేది) సగం నిజం. ఆల్బెండజోల్ మొదటి నెలన్నరలో వద్దు. ఫెన్‌బెండజోల్‌తో ఆ భయం లేదు. రంగు, కొమ్ముల వంకర చూసి అదృష్టం చెప్పేవాళ్ళకు ఓ నమస్కారం పెట్టి పంపేయండి.

ఒకే పొట్టేలును ఏళ్ళకేళ్ళు ఉంచితే అది తన బిడ్డలనే దాటుతుంది, పిల్లలు బలహీనపడతాయి. రెండేళ్ళకోసారి మార్చండి. నా పొట్టేలు ఇప్పుడు కల్వకుర్తి వైపు ఒకాయన మందలో ఉంది, ఆయనది నా దొడ్లో. ఇద్దరికీ అయిన ఖర్చు ట్రాలీ ఆటో కిరాయే, అదీ చెరిసగం.