బరంపురం నుంచి వెబ్ డెవలపర్ పని: అపోహలు - వాస్తవాలు

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పనిలో ఇంగ్లిష్. 12 ఏళ్లుగా వెబ్‌సైట్లు కట్టడమే నా జీవనం. మొదటి నాలుగేళ్లు బెంగళూరులో చేశాను. తర్వాత ఊరికి తిరిగొచ్చి, ఇక్కడి నుంచే ఒక కంపెనీకి పనిచేస్తూ, మిగిలిన సమయంలో మన దుకాణాలకు, హోటళ్లకు సైట్లు చేసిపెడుతున్నాను. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం నుంచి పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, ఏ కోర్సు చెయ్యమంటారు?" అని మొదలుపెట్టి, "అక్కా, అసలు ఈ ఫీల్డ్‌లో ఇంకా ఉద్యోగాలుంటాయా?" అనే దాకా వస్తారు. వాళ్ల టెన్షన్ వెనకున్న మాటలు చాలావరకు ఎవరో చెప్పగా విన్నవి. అందులో నాకు బాగా తెలిసిన కొన్నిటి గురించి రాస్తున్నాను.

అపోహ: ఈ ఊళ్లో ఉంటే లాభం లేదు, బెంగళూరో హైదరాబాదో పోవాల్సిందే

ఇందులో సగం నిజం ఉంది. మొదటి రెండేళ్లు మనకంటే బాగా తెలిసినవాళ్ల పక్కన కూర్చోవడం చాలా అవసరం. నేను ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లింది అందుకే. మొదటి నెలలో నేను రాసిన కోడ్‌ని మా సీనియర్ 41 చోట్ల తప్పులు గుర్తించి వెనక్కి పంపారు. ఆ రాత్రి ఏడ్చాను, కానీ ఆ 41 మాటలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. అలాంటి మనిషి మీకు ఆన్‌లైన్‌లో దొరికితే ఊళ్లోనే ఉండండి. దొరక్కపోతే వెళ్లండి, నేర్చుకుని రండి.

అయితే ఇక్కడ దొరికేది అక్కడ దొరకదు. బెంగళూరులో నా సైట్ వాడేవాళ్లు నాకు గ్రాఫులో గీతలుగా మాత్రమే తెలుసు. ఇక్కడ వాళ్లు మా వీధిలోనే ఉంటారు. ఒక పట్టుచీరల దుకాణానికి సైట్ చేశాక, ఓ మధ్యాహ్నం అక్కడే కూర్చుని చూశాను. ఒకామె తన ఫోన్‌లో సైట్ తెరిచింది. తెల్లటి తెర. చీర కనబడలేదు. పక్కామెతో రెండు మాటలు మాట్లాడి, మళ్లీ చూసి, ఫోన్ సంచిలో వేసేసుకుంది. నా లాప్‌టాప్‌లో క్షణంలో వచ్చే పేజీ అది. తీరా చూస్తే దుకాణంవాళ్లు ఫోన్‌తో తీసిన ఫొటోలు తీసినట్టే ఎక్కించారు. ఒక్కోటి నాలుగైదు ఎంబీ, పేజీకి 24 చీరలు. వంద ఎంబీ దాటిన పేజీ అది. ఫొటో ఎక్కించగానే 800 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మారేలా పెట్టాను. ప్రతి ఫొటోకి వెడల్పు, ఎత్తు ముందే చెప్పాను, లేకపోతే ఫొటో వచ్చినప్పుడల్లా పేజీ కిందికి జారి వేలు తప్పు బటన్ మీద పడుతుంది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ పెట్టిన కొలత గురించి అంతకుముందు చదివాను. దాని అర్థం మాత్రం ఆ సంచి మూసుకోవడం చూశాకే తెలిసింది.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఇంకో మాట. మనది తుఫానుల దారి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని రోజులు కరెంటు లేకుండా గడిపామో మీకు తెలుసు. వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు ఉంచుకోండి. హెచ్చరిక రాగానే కోడ్ అంతా, ప్రతి మార్పునీ గుర్తుంచుకునే గిట్‌లోకి పంపేసి, టీమ్‌కి ముందే చెప్పండి. ముందు చెప్పినవాళ్లని ఎవరూ తప్పుపట్టరు, మాయమైతే పడతారు.

అపోహ: రియాక్ట్ వస్తే చాలు, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ రెండు రోజుల పని

పేజీకి ఎముకలు హెచ్‌టీఎంఎల్, రూపం సీఎస్‌ఎస్. రియాక్ట్ లాంటివి పని తేలిక చేసే రెడీమేడ్ కోడ్ మూటలు. ఒకప్పుడు జేక్వెరీ వస్తే చాలన్నారు, అది 2006లో వచ్చింది. తర్వాత యాంగ్యులర్‌జేఎస్ అన్నారు. 2010లో వచ్చిన దానికి 2021 ఆఖరుతో మద్దతు ఆగిపోయింది. 2013లో వచ్చిన రియాక్ట్ ఇప్పుడు రాజ్యమేలుతోంది, నేనూ రోజూ వాడతాను. వద్దనడం లేదు. కానీ బ్రౌజర్ సర్వర్‌ని ఏమడుగుతుంది, సర్వర్ ఏమిస్తుంది, 404కీ (పేజీ దొరకలేదు) 500కీ (సర్వర్‌లోనే తప్పు) తేడా ఏమిటి, ఫారమ్ పంపితే లోపల ఏం జరుగుతుంది అన్నవి ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్ని నేను ఒకటే అడుగుతాను: ఇలాంటి ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా ఒక ఫారమ్ చేసి, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డ్‌తోనే నింపి పంపండి అని. చాలామంది డివ్ అనే మామూలు డబ్బాకి క్లిక్ తగిలించి దాన్నే బటన్ అంటారు. ట్యాబ్ నొక్కితే అది దొరకదు, కళ్లు కనబడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అది బటన్ అని తెలియదు. బటన్ కావాల్సినచోట బటన్ ట్యాగే పెట్టాలి.

అపోహ: సైట్ తెలుగులో, ఒడియాలో రావాలంటే అనువాదం పెడితే అయిపోతుంది

నేను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అదే పట్టుచీరల సైట్‌లో కొరియర్ లేబుల్ మీద చిరునామా సరిపోవాలని 60 అక్షరాల దగ్గర కోసేలా రాశాను. ఇంగ్లిష్ చిరునామాలతో చూసుకున్నాను, బాగుంది. తెలుగులో చిరునామా రాసిన ఒక పార్సెల్ పదిరోజులకి తిరిగొచ్చింది. లేబుల్ మీద పేరు, ఇంటి నంబరు, సగం వీధి, చివర నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం. సర్వర్ మీద నడిచే కోడ్‌ని పీహెచ్‌పీ అనే భాషలో రాశాను. అందులో నేను వాడిన ఫంక్షన్ అక్షరాలు కాదు, బైట్లు (కంప్యూటర్ సమాచారం దాచుకునే చిన్న ముక్కలు) లెక్కపెడుతుంది. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగైనా ఒడియా అయినా ఒక్కో కోడ్‌కి (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కోదానికి ఉండే నంబరు) మూడు బైట్లు. అంటే 60లో 20 చిల్లర కోడ్‌లే పట్టాయి. పైగా మన కంటికి ఒకటిగా కనిపించే అక్షరం కంప్యూటర్‌కి ఒకటి కాదు. 'లక్ష్మి' చూడండి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మనకి రెండే అక్షరాలు, బ్రౌజర్‌లో నడిచే భాష జావాస్క్రిప్ట్‌ని పొడవు అడిగితే 7 అంటుంది, పీహెచ్‌పీ మామూలు లెక్కలో 21. బైట్లకి బదులు కోడ్‌లు లెక్కపెట్టే మల్టీబైట్ ఫంక్షన్ వాడితే ప్రశ్నార్థకం పోతుంది కానీ, 'క్ష్' దగ్గర తెగే ప్రమాదం అలాగే ఉంటుంది. కంటికి కనిపించే అక్షరం ప్రకారం కోయాలంటే పీహెచ్‌పీలో గ్రాఫీమ్ ఫంక్షన్లు, జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ సెగ్మెంటర్ ఉన్నాయి. చిరునామాని అసలు కోయకపోవడం ఇంకా మంచిది. లేబులే పెద్దది చేశాను.

రెండోది వత్తులు. డిజైన్‌లో లైన్ ఎత్తు (అక్షరాల సైజుకి ఎన్ని రెట్లు అన్నది) 1.2 అని ఇచ్చారు, ఇంగ్లిష్‌కి అందంగా ఉంది. అదే శీర్షిక తెలుగులో పెట్టి, డబ్బా దాటింది కనబడకుండా దాచేసరికి 'బరంపురం పట్టు' కాస్తా 'బరంపురం పటు' అయింది. ట కింద వత్తు మొత్తం కోసుకుపోయింది. దుకాణం పెద్దాయన కళ్లద్దాలు పైకి ఎత్తుకుని చూసి, "అమ్మా, మన పట్టుకి వత్తెక్కడ?" అన్నారు. తెలుగుకి 1.6 నుంచి 1.8 దాకా ఇస్తాను ఇప్పుడు. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ మన లిపి జోలికి రానివ్వను.

పేజీలో భాష ఏదో లాంగ్ (lang) అట్రిబ్యూట్‌తో చెప్పడం మరవకండి. తెలుగుకి 'టీఈ', ఒడియాకి 'ఓఆర్'. అది లేకపోతే స్క్రీన్ రీడర్ ఏ భాష గొంతు వాడాలో తేల్చుకోలేదు. ఆర్డర్ ఎస్ఎంఎస్ తెలుగులో పంపాలనుకుంటే ఒక మెసేజ్‌లో 70 కోడ్‌లే పడతాయి, ఇంగ్లిష్‌లో 160. ఖర్చు ముందే లెక్కేసి యజమానికి చెప్పండి.

ఇక మాటలు. 'సమర్పించుము' అని బటన్ మీద రాస్తే మా పిన్ని దాన్ని నొక్కలేదు, గుడిలో ఏదో సమర్పించాలేమో అనుకుంది. 'పంపండి' అని మార్చాను. వాడుక భాషే బడిలో ఉండాలని గిడుగు రామమూర్తి పోరాడింది, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాసింది మన పర్లాకిమిడిలో ఉండగానే. ఈ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లుగా బటన్ మీద మాట జనానికి అర్థమయ్యేలా రాయడం మన బాధ్యత అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అపోహ: ఇంగ్లిష్ గడగడా రాకపోతే ఈ పని రాదు

మాట్లాడటం నెమ్మదిగా వస్తుంది. చదవడం మాత్రం తప్పదు, డాక్యుమెంటేషన్ దాదాపు అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. వెబ్ టెక్నాలజీల్ని వివరించే ఎండీఎన్ సైట్‌లో రోజుకి ఒక పేజీ చదవండి. సాయం అడిగేటప్పుడు మూడు వాక్యాలు చాలు: నేను ఏం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది. ఎర్రర్ మెసేజ్ ఫొటో కాకుండా అక్షరాలుగా అంటించండి. గ్రామర్ తప్పున్నా ఎవరూ పట్టించుకోరు.

అపోహ: ఏఐ వచ్చింది, ఇక నేర్చుకోనక్కర్లేదు, లేదా, నేర్చుకున్నా లాభం లేదు

రెండూ ఒకే భయానికి రెండు ముఖాలు. మొన్న ఒక కుర్రాడు తను చేసిన మిఠాయి దుకాణం సైట్ చూపించడానికి మా ఇంటికొచ్చాడు. రెండు రోజుల్లో ఏఐతో చేశాడు. చూడ్డానికి నిజంగా చక్కగా ఉంది. "ఒక నిమిషం ఇలా ఇవ్వు తమ్ముడూ" అని, బ్రౌజర్‌లో పేజీ లోపలి కోడ్ చూపించే డెవలపర్ టూల్స్ తెరిచాను. ఫారమ్‌లో కనబడకుండా దాచిన ధర ఉంది, 640. దాన్ని 1 చేసి ఆర్డర్ నొక్కాను. రూపాయికి రెండు కిలోల మిఠాయి ఆర్డర్ అయిపోయింది. సర్వర్ ధరని తన డేటాబేస్ నుంచి తీసుకోలేదు, బ్రౌజర్ ఏం చెబితే అది నమ్మేసింది. ఇంకొంచెం వెతికితే ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే రహస్య కీ (పాస్‌వర్డ్ లాంటిది) కూడా జావాస్క్రిప్ట్ ఫైల్‌లోనే కనబడింది. సైట్ తెరిచిన ఎవరికైనా అది దొరుకుతుంది. పిల్లాడి ముఖం వాడిపోయింది. మంచివాడు, కష్టపడ్డాడు. బ్రౌజర్ నుంచి వచ్చే దేన్నీ సర్వర్ నమ్మకూడదని ఎవరూ చెప్పలేదు, అంతే. ఇద్దరం కూర్చుని రాత్రి తొమ్మిది దాకా సరిచేశాం. ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకున్నాం, ఎందుకంటే ఫైల్‌లోంచి తీసేసినా పాత గిట్ చరిత్రలో అది ఉండిపోతుంది.

నేనూ ఏఐ వాడతాను, రోజూ. విసుగు పుట్టించే పని బాగా తగ్గింది. కానీ అదిచ్చిన ప్రతి లైన్ ఎందుకుందో ఎదుటివాళ్లకి చెప్పలేకపోతే ఆ లైన్ సైట్‌లోకి వెళ్లనివ్వను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు ఒక గంట సొంతంగా రాసి, ఆ తర్వాత అడగండి.

అపోహ: సర్టిఫికెట్లు ఎన్ని ఉంటే అంత మంచిది

పది సర్టిఫికెట్లు, పనుల జాబితా రాసుకునే ఒక టు-డూ యాప్ ఉన్న రెజ్యూమేలు చాలా చూశాను. నిజమైన మనిషి వాడుతున్న ఒక్క సైట్ ఉంటే నేను ముందు దాన్నే తెరుస్తాను. మీ మావయ్య అప్పడాల వ్యాపారానికి ఒక పేజీ చేయండి. ఏ సమస్య వచ్చింది, ఎలా సరిచేశారు అని కింద పది లైన్లు రాయండి. ఆ పది లైన్ల గురించే ఇంటర్వ్యూ అంతా నడుస్తుంది.

అపోహ: తెలిసినవాళ్లే కదా, కాగితం ఎందుకు

తెలిసినవాళ్లు కాబట్టే కావాలి. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఎంత డబ్బు, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి అన్నది వాట్సాప్‌లో అయినా రాసి, 'సరే' అనిపించుకోండి. కొంత అడ్వాన్స్ లేకుండా మొదలుపెట్టకండి. డొమైన్ (సైట్ చిరునామా) మాత్రం యజమాని పేరు మీదే, వాళ్ల ఈమెయిల్‌తోనే కొనిపించండి. డెవలపర్ తన పేరు మీద కొని, తర్వాత ఫోన్ ఎత్తడం మానేస్తే, ఏళ్లుగా బోర్డు మీద, బిల్లు మీద వేయించుకున్న చిరునామా పోగొట్టుకున్న దుకాణాలు మన ఊళ్లోనే ఉన్నాయి.

అపోహ: సైట్ లైవ్ అయింది, పని అయిపోయింది

సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య సమాచారం ఇంకెవరూ చదవకుండా కాపాడటానికి ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉండాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, కానీ గడువు తక్కువ. నేను దాన్ని వాడటం మొదలుపెట్టినప్పుడు 90 రోజులు ఉండేది. దానంతట అదే రెన్యూ అయ్యేలా పెట్టాలి, అయిందో లేదో చూసుకోవాలి. అది ఆగిపోతే పెళ్లిళ్ల సీజన్‌లో ఉదయం ఆరింటికి దుకాణం నుంచి ఫోనొస్తుంది.

బ్యాకప్ విషయంలో నా తప్పు చెబుతాను. ఐదేళ్ల కిందట ఒక సైట్‌కి రోజూ బ్యాకప్ తీసేలా పెట్టాను, కానీ అదే సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లోకి. డిస్క్ పోయింది. సైటూ పోయింది, బ్యాకప్పూ పోయింది. నా లాప్‌టాప్‌లో మిగిలిన కాపీ మూడు వారాల పాతది. ఆ మూడు వారాల ఆర్డర్లు దుకాణంవాళ్లు, నేను కలిసి ఫోన్లలోని మెసేజ్‌లు చూసి ఒక్కొక్కటీ నోట్‌బుక్‌లో రాసుకున్నాం.

అప్పటి నుంచి బ్యాకప్ వేరే చోటికి వెళుతుంది. అంతేకాదు, ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక సైట్‌ని దాని బ్యాకప్ నుంచి ఖాళీ సర్వర్ మీద మళ్లీ నిలబెట్టి చూస్తాను. కిందటి నెల పర్లాకిమిడి హోటల్ సైట్‌తో చేశాను, నలభై నిమిషాలు పట్టింది. ఫొటోలన్నీ వచ్చాయి, గదుల బుకింగ్ పట్టిక మాత్రం ఖాళీగా వచ్చింది. బ్యాకప్ స్క్రిప్ట్‌లో ఆ పట్టిక పేరే లేదు. చేర్చాను. ఈ ఆదివారం మళ్లీ దాన్నే నిలబెట్టి చూస్తాను.