టేకు చెక్కలో బిగించిన బలం: ఇంట్లో చేసుకునే స్పియర్‌గన్

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో, సోనాపూర్ నుంచి గోపాల్‌పూర్ మీదుగా పైకి వెళ్తే కనిపించే తెలుగు వాడబలిజ మత్స్యకార కుటుంబాల్లోని పెద్దలకు తెప్పను ఎందుకు ఎండబెట్టాలో ఎవరూ చెప్పనక్కరలేదు. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి, దుంగలను ఇసుక మీద విడివిడిగా ఆరబెట్టేవారు; నీరు తాగిన దుంగ బరువెక్కి, మరునాడు అలల్లో లోతుగా కూరుకుంటుందని వారికి తెలుసు. బరంపురంలో వడ్రంగం చేసే మా బావగారితో కలిసి, నీళ్లలో మునిగి చేపలను కొట్టే చెక్క స్పియర్‌గన్ తయారీకి పూనుకున్నప్పుడు మాకు మొదట ఎదురైన సమస్య కూడా చెక్కకూ నీటికీ మధ్య ఉన్న ఆ సంబంధమే. ఒకే పలకలోంచి కోసి, చిత్రిక పట్టి, తిన్నగా గాడి తీసిన మా మొదటి దండం ఎండాకాలమంతా నిలకడగా ఉండి, ఆషాఢం దాటేసరికి మెలితిరిగింది.

స్పియర్‌గన్ పేరులో తుపాకి ఉన్నా అందులో మందుగుండు లేదు. చెక్క దండం పైభాగంలో గాడి, ఆ గాడిలో ఉక్కు ఈటె, దండం ముందు కొసకు కట్టిన రబ్బరు గొట్టాలు, వెనుక ఈటె తోకను పట్టి ఉంచే కొక్కెం, దానిని వదిలే మీట (ట్రిగ్గర్), ఈటెను దండానికి కలిపే నైలాను తాడు: ఇంతే దాని నిర్మాణం. రబ్బరును వెనక్కి లాగి ఈటె మీది గంటుకు తగిలించిన క్షణం నుంచి మీట నొక్కే క్షణం దాకా, మన కండరాల శక్తి అంతా ఆ రబ్బరులో నిలిచి ఉంటుంది. ఆ శక్తిని పుట్టించడం సులభం; అనుకున్న క్షణం దాకా దానిని కదలకుండా నిలిపి ఉంచడమే కష్టం. అందువల్ల ఈ పరికరానికి భద్రత అనేది చెక్క ఎంచుకునే రోజునే మొదలవుతుందని నా దృఢమైన అభిప్రాయం.

చెక్క తేమను పీల్చినప్పుడు పొడవున దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. ఆ అడ్డంలోనూ వలయాల వెంబడి కలిగే మార్పు, వలయాలకు అడ్డంగా కలిగే మార్పుకన్నా సుమారు రెట్టింపు ఉంటుంది. ఒకే చెక్కలో ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ ఉబ్బితే దండం వంగక తప్పదు. దీనికి విరుగుడు, చెక్కను 3 లేదా 5 బద్దలుగా కోసి, పక్కపక్క బద్దల పోగులు ఎదురెదురు దిశల్లో వంగేలా తిప్పి అతికించడం. అప్పుడు ఒక బద్ద ఎడమకు లాగితే పక్క బద్ద కుడికి లాగి, రెండూ ఒకదానినొకటి అదుపు చేసుకుంటాయి. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే చేవగల టేకు దూలం ఈ పనికి చాలా మంచిది, ఎందుకంటే దశాబ్దాలుగా ఆరిన చెక్కలో ఇక కొత్తగా ముడుచుకునేది చాలా తక్కువ. అయితే టేకులో సహజంగా ఉండే నూనె జిగురును అంటనివ్వదు. అతికించే ముఖాలను అప్పటికప్పుడు గరుకు కాగితంతో రుద్ది, అసిటోనుతో తుడిచి, వెంటనే ఎపాక్సీ జిగురు పూయాలి. మేము తొందరపడి ఈ తుడుపును వదిలేసిన ఒక నమూనా ముక్క ఉలి దెబ్బకు అతుకు వెంబడి విడిపోయింది. నీళ్లలో రబ్బరు బిగించాక అలా విడిపోతే ఏమయ్యేదో ఊహించుకున్నాక, ప్రతి అతుకుకూ నమూనా ముక్క చేసి పగలగొట్టి చూడకుండా ముందుకు వెళ్లలేదు. విరుపు అతుకులో గాక చెక్కలో వస్తేనే ఆ అతుకు నమ్మదగినది.

దండం మందాన్ని నిర్ణయించేది చూపుకు కనిపించే అందం కాదు, తేలే గుణం. 100 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, అంతే మందం గల దండం పరిమాణం 1600 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరుకు 0.65 గ్రాముల చొప్పున టేకు బరువు 1040 గ్రాములు, అది తొలగించే సముద్రపు నీటి బరువు సుమారు 1640 గ్రాములు. అంటే దండాన్ని నీరు 600 గ్రాముల బలంతో పైకి నెడుతుంది. 7 మిల్లీమీటర్ల మందం, 120 సెంటీమీటర్ల పొడవు గల ఉక్కు ఈటె నీళ్లలో సుమారు 315 గ్రాములు తూగుతుంది కనుక, మిగిలిన 285 గ్రాముల తేలుడులోంచి మీట సామగ్రి బరువు తీసేసినా పరికరం చేతిలోంచి జారితే పైకి వస్తుంది. ఈ లెక్కకు మరో ప్రయోజనం ఉంది. ఈటె ముందుకు ఎంత ఊపుతో వెళ్తుందో దండం అంత ఊపుతోనూ వెనక్కి తంతుంది. దండం బరువు ఎక్కువైన కొద్దీ ఆ తన్ను వేగం తగ్గుతుంది. పలుచని దండానికి బలమైన రబ్బర్లు కడితే పిడి వచ్చి ముఖానికి తగిలే ప్రమాదం ఉన్నది ఇందుకే.

రబ్బరు విచిత్రమైన పదార్థం. ఉక్కు స్ప్రింగును సాగదీస్తే అణువుల మధ్య దూరం పెరిగి శక్తి నిలుస్తుంది. రబ్బరులో అలా కాదు, చిక్కుపడిన దారపు ఉండల్లాంటి పొడవైన అణువులు సాగి వరుసలో నిలబడతాయి, వదిలితే మళ్లీ చిక్కుపడడానికి లాగుతాయి. సాగినప్పుడు రబ్బరు వేడెక్కుతుందని 1805లో జాన్ గాఫ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. వెడల్పాటి రబ్బరు బ్యాండును చటుక్కున లాగి పెదవికి ఆనించి చూస్తే ఎవరికైనా ఆ వెచ్చదనం తెలుస్తుంది. బిగించిన రబ్బరు ఆ వేడిని చుట్టూ ఉన్న నీటికి ఇచ్చేస్తుంది కనుక, చాలాసేపు బిగించి ఉంచిన స్పియర్‌గన్ కొంత బలం కోల్పోతుంది. ఒక్కొక్క గొట్టం చివరికి 40 కిలోల బలంతో లాగుతూ అర మీటరు సాగిందనుకుంటే, రెండు గొట్టాల్లో నిలిచే శక్తి, ఉరామరికగా, 20 లీటర్ల నీళ్ల డబ్బాను మీటరు ఎత్తు లేపడానికి పట్టే శక్తికి సమానం. అందులో ఈటెకు అందే శక్తి అంతా 7 మిల్లీమీటర్ల మొన మీదే పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇక కొక్కెం. రెండు గొట్టాల 80 కిలోల లాగుడునూ మోసేది ఈ చిన్న ఉక్కు ముక్క అంచు. వేలు పెట్టే ఒకటి రెండు కిలోల బలంతో అది విడవాలి, అయినా తనంతట తాను విడవకూడదు. అందుకే కొక్కెం ఒక మీటగా, దానిని అడ్డుకునే ట్రిగ్గర్ మరో మీటగా పనిచేస్తాయి. ఈ రెండింటి స్పర్శ అంచు ఒక మిల్లీమీటరు అరిగినా, ఆ అంచు గుండ్రబడినా, ఇసుక రేణువు ఇరుక్కున్నా పట్టు తప్పవచ్చు. దండాన్ని ఇంట్లో ఎంత ముద్దుగా చేసుకున్నా, కొక్కెం సామగ్రిని మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసి అమ్మేదే కొనుక్కోవాలని నేను గట్టిగా చెబుతాను. ట్రిగ్గర్ పక్కన ఉండే సేఫ్టీ లాకు గురించి చాలామందికి ఒక అపోహ ఉంది: అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, కొక్కెం అరిగి జారితే దానిని ఆపే శక్తి లాకుకు లేదు. కాబట్టి లాకు వేసి ఉన్నా, బిగించిన స్పియర్‌గన్ మొన మనిషి వైపు తిరగకూడదు.

బిగించడం, విప్పడం నీళ్లలోనే జరగాలి. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది. నీళ్లలో కొన్ని మీటర్లలోనే వేగం కోల్పోయే ఈటె, గాలిలో దాదాపు పూర్తి వేగంతో తాడు చివరిదాకా వెళ్లి, తాడు తెగితే ముందుకు దూసుకుపోతుంది, తెగకపోతే వెనక్కి ఎగిరి వదిలినవాడి మీదికే వస్తుంది. పడవ మీద గాని, ఒడ్డున గాని, పరీక్ష కోసం పెరట్లో గాని వదలకూడదన్నది ఇందుకే. పిడిని ఛాతీకి ఆనించి రెండు చేతులతో రబ్బరు లాగేటప్పుడు ఈత అద్దం (డైవింగ్ మాస్క్) ముఖం మీదే ఉండాలి, ఎందుకంటే గొట్టం తెగితే దాని కొస కంటికే వస్తుంది. పైకి రావడానికి ముందు గొట్టాలను ఒక్కొక్కటిగా చేత్తో విప్పి, మొనకు తొడుగు వేసి, ఆ తర్వాతే పరికరాన్ని పడవలోకి అందించాలి.

మన తీరానికి ప్రత్యేకంగా వర్తించే మరో మాట ఉంది. వానాకాలంలో రుషికుల్య, బాహుదా నదులు తెచ్చే ఒండ్రు, ఒడ్డున విరిగే అలలు లేపే ఇసుక కలిసి ఇక్కడి నీటిని మసకబారుస్తాయి. నీళ్లలో అద్దంలోంచి చూసినప్పుడు వస్తువులు ఉన్నదానికన్నా పావువంతు దగ్గరగా కనిపిస్తాయి కనుక దూరాన్ని అంచనా వేయడం ముందే కష్టం. చూపు ఆనే దూరం ఈటె వెళ్లే దూరంకన్నా తక్కువైతే, చేప వెనుక ఎవరున్నారో తెలియదు. అటువంటి నీటిలో రబ్బరు బిగించనే కూడదు. ఏ చేప కనిపించిందో నిశ్చయంగా తెలియడం కూడా అంతే అవసరం: పెద్దజాతి బొంత చేప, తిమింగల సొర, సముద్ర తాబేళ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవులు.

వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, కొక్కెం గూట్లోని ఇసుకను పూర్తిగా వదిలించి, నీడలో ఆరబెట్టాలి. సహజ రబ్బరుకు ఎండ, ఓజోను, పెట్రోలియం నూనెలు మూడూ శత్రువులే. కొక్కేనికి గ్రీజు పూసిన చేత్తో గొట్టాన్ని ముట్టుకోకూడదు. గొట్టాన్ని వేళ్లతో వంచి చూసినప్పుడు, ముఖ్యంగా కట్టు పడిన చోట, సన్నని పగుళ్లు కనిపిస్తే అది ఎంత కొత్తదైనా కత్తిరించి పారేయాలి. రుషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఒడిశా ప్రభుత్వం నవంబరు 1 నుంచి మే 31 వరకు వేటను నిషేధిస్తుంది. ఆ ఏడు నెలలూ మా స్పియర్‌గన్ గొట్టాలు విప్పేసి, ఈటె వేరుగా, దండం వేరుగా అటక మీద ఉంటుంది. దండం మీది పూతలో గీతలు పడిన చోట్ల మా బావగారు మళ్లీ ఎపాక్సీ పూసేది ఆ నెలల్లోనే. కొత్త గొట్టాలు మాత్రం ముందుగా కొని పెట్టుకోము, ఎందుకంటే వాడకపోయినా రబ్బరుకు వయసు పెరుగుతూనే ఉంటుంది.