విదేశంలో ఎముక విరిగితే: ఇండియా టికెట్ కొనే ముందు తెలియాల్సిన సంగతులు

ఎముకల డాక్టరుగా నా ఫోన్‌కి వచ్చే ఎక్స్‌రేల్లో చాలావరకు విదేశాల నుంచి వచ్చేవే. షికాగోలో మంచు మీద జారిపడ్డ విద్యార్థి, దుబాయ్‌లో పరంజా మీంచి పడ్డ జగిత్యాల కార్మికుడు, కూతురి పురుడుకని అమెరికా వెళ్లి బాత్‌రూమ్‌లో కాలు జారిన అమ్మ. అందరూ అడిగేది ఒకటే: "ఇక్కడే చేయించుకోవాలా, ఇండియా వచ్చేయాలా డాక్టరుగారూ?" నేను ముందు చూసేది వేరు. ఈ ఫ్రాక్చర్ ఎన్నాళ్లు ఆగుతుంది? అది తేలితే ఏ దేశంలో చేయించుకోవాలో చాలావరకు తేలిపోతుంది.

అపోహ: కట్టు కట్టించుకుని విమానం ఎక్కేస్తే చాలు, మిగతాది ఇంటికొచ్చాక చూసుకోవచ్చు

కొన్నింటికి ఇది కుదురుతుంది, కొన్నింటికి ప్రాణం మీదికి వస్తుంది.

చర్మం చీలి ఎముక దాకా గాయం ఉంటే గంటలోపే యాంటీబయాటిక్ పడాలి, ఆ తర్వాత గంటల్లోనే ఆపరేషన్ థియేటర్‌లో గాయాన్ని శుభ్రం చేయాలి. తొడ ఎముక విరిగినా, ఎముకతో పాటు కీలు తప్పినా, వేళ్లు చల్లబడి రంగు మారినా ఉన్న ఊళ్లోనే చేయించుకోవాలి. పెద్దవాళ్లకు తుంటి విరిగితే 36 గంటల్లోపు ఆపరేషన్ జరగాలన్నది బ్రిటన్‌లో పెట్టుకున్న లక్ష్యం. మంచం మీద గడిచే ప్రతి రోజూ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కి, రక్తం గడ్డలకి దారి ఇస్తుంది. "అమ్మని ఎలాగోలా హైదరాబాద్ తెచ్చేస్తాం" అనే పిల్లలకు నేను గట్టిగా వద్దనే చెబుతాను.

చీలమండ, మణికట్టు, కాలర్ బోన్ లాంటివి తరచుగా వారం పది రోజులు ఆగుతాయి. చీలమండకైతే వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనిపించేదాకా సర్జన్లే ఆగుతారు. కానీ మూడు వారాలు దాటితే విరిగిన చోట కొత్త ఎముక పట్టేస్తుంది. దాన్ని మళ్లీ విడదీసి సరిచేయడం పేషెంటుకీ సర్జనుకీ కష్టమే. కాబట్టి "వచ్చే నెల సెమిస్టర్ అయ్యాక వస్తా" అనే ముందు అక్కడి డాక్టరుని సూటిగా అడగండి: ఏ తేదీ లోపు ఆపరేషన్ కావాలి?

ప్రయాణం సంగతి. కొత్తగా పిండికట్టు వేసినవాళ్లను చాలా ఎయిర్‌లైన్లు రెండు గంటల్లోపు ప్రయాణానికి 24 గంటలు, అంతకు మించితే 48 గంటలు ఆగమంటాయి, లేదా కట్టును నిలువునా చీల్చి రమ్మంటాయి. గాల్లో ఉన్నప్పుడు వాపు పెరిగితే గట్టి కట్టు కిందే రక్తప్రసరణ ఆగిపోవచ్చు. కాలికి కట్టుతో ఇరవై గంటల ప్రయాణమంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. దానికి ఇంజెక్షన్ అవసరమా అని తప్పకుండా అడగాలి.

ఒక్క లక్షణం మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి. మందులు వేసినా నొప్పి గంటగంటకీ పెరుగుతుంటే, కట్టు బయట ఉన్న వేళ్లను ఇంకొకరు మెల్లగా సాచితే ప్రాణం పోయినంత నొప్పి వస్తుంటే కండరాల్లో ఒత్తిడి పెరుగుతోందేమోనని అనుమానించాలి. తెల్లవారేదాకా ఆగకూడదు, ఎయిర్‌పోర్టుకి అసలే పోకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. కొన్ని గంటలు ఆలస్యమైతే కండరం చచ్చిపోతుంది.

అపోహ: ఇక్కడ ఏమీ చేయలేదు, సగం కట్టు వేసి ఇంటికి పంపేశారు

ఈ కోపం అమెరికా, బ్రిటన్‌ల నుంచి చాలా వింటాను. నిజానికి మొదటి రోజుల్లో వాపు పెరుగుతుంది కాబట్టి ఒక పక్కనే గట్టిగా ఉండే స్ప్లింట్ వేయడమే సరైన పని. పూర్తి కట్టు తర్వాత వేస్తారు. బ్రిటన్‌లో కొన్నిసార్లు ఎక్స్‌రే చూసి ఫోన్‌లోనే నిర్ణయం చెబుతారు. అది నిర్లక్ష్యమని అనుకోవద్దు.

నాకు టెన్షన్ పెట్టేది ఆ తర్వాతి వారమే. అపాయింట్‌మెంట్ దొరకలేదని ఊరుకుంటారు. మణికట్టు ఎముకను సరిచేసి కట్టు వేశాక మొదటి రెండు మూడు వారాల్లో అది లోపల మళ్లీ జారవచ్చు. వారానికోసారి ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. ఆస్పత్రి నుంచి ఫోన్ రాకపోతే మీరే చేయండి, విసుక్కున్నా మళ్లీ చేయండి.

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అన్న మాటకూ ఇక్కడే జవాబు. అరచెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలు బాగా సాచితే మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ విరిగి ఉండొచ్చు. ఈ చిన్న ఎముక పగులు మొదటి ఎక్స్‌రేలో దాక్కుంటుంది. కట్టు ఉంచి పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి, లేదా ఎంఆర్ఐ అడగాలి. దీనికి రక్తం తక్కువగా అందుతుంది, వదిలేస్తే అతుక్కోకపోవచ్చు.

అపోహ: హాస్పిటల్‌కి వెళ్తే అప్పులపాలే

భయం అర్థమవుతుంది, కానీ భయంతో ఇంట్లో కూర్చోవడమే ఎక్కువ నష్టం. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ (పెద్దవయసు వాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) తీసుకునే ఆస్పత్రులు డబ్బుతో పని లేకుండా ఎమర్జెన్సీలో పరీక్షించి పరిస్థితిని నిలకడకు తేవాలి. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. ఉద్యోగం ద్వారా వచ్చిన ఇన్సూరెన్స్ ఉంటే, నెట్‌వర్క్ బయటి ఎమర్జెన్సీ బిల్లు మీద 2022 నుంచి రక్షణ ఉంది. లాభాపేక్ష లేని ఆస్పత్రుల్లో ఆర్థిక సాయం కోసం దరఖాస్తు ఉంటుంది, అడిగి నింపండి. అమ్మానాన్నలకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ వేరే రకం. పాలసీలో ఒక్కో చికిత్సకు ఇంతే అని పరిమితి ఉందేమో కొనేటప్పుడే చూడాలి.

బ్రిటన్‌లో వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టిన విద్యార్థులు ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో, ఆపరేషన్ కూడా చేయించుకోవచ్చు.

గల్ఫ్ అన్నలకు ప్రత్యేకంగా ఒక మాట. పనిలో దెబ్బ తగిలితే యూఏఈ చట్టం ప్రకారం వైద్యం ఖర్చు కంపెనీదే. చికిత్స కాలంలో ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆపై మరో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. "ఊరికి పోయి చేయించుకో, టికెట్ ఇస్తాం" అంటే ఒప్పుకునే ముందు, అది పనిలో జరిగిన ప్రమాదమని మెడికల్ రిపోర్టులో రాయించుకోండి. ఆ కాగితం లేకుండా దేశం దాటితే తర్వాత హక్కు అడగడం చాలా కష్టం.

అపోహ: ప్లేటు వేస్తే త్వరగా అతుక్కుంటుంది

ప్లేటు, రాడ్డు ఎముకను కదలకుండా పట్టుకుంటాయి, అతుక్కోవడం ఎముక పనే. మణికట్టుకి ఆరు వారాలు, మోకాలి కింది పెద్ద ఎముకకి నాలుగైదు నెలలు పట్టడం మామూలే. కాలర్ బోన్ మధ్యలో విరిగినవి చాలావరకు చేతికి జోలె వేస్తేనే మానతాయి. 65 దాటినవాళ్ల మణికట్టు విషయంలో, ప్లేటు వేసినా కట్టు వేసినా ఏడాది తర్వాత పనిలో పెద్ద తేడా ఉండదని అధ్యయనాలు చెబుతున్నాయి. అక్కడి డాక్టర్ ఆపరేషన్ వద్దన్నాడంటే ఖర్చు కోసమో చేతకాకో అనుకోకండి.

అపోహ: పుత్తూరు కట్టు కట్టిస్తే ఏ ఎముకైనా అతుక్కుంటుంది

దీనికోసం సెలవు పెట్టి వచ్చేవాళ్లున్నారు. ఎముక పక్కకు జరగకుండా విరిగితే కదలకుండా ఉంచే ఏ కట్టుతోనైనా చాలావరకు మానుతుంది. ఆ నమ్మకం అలాగే పెరిగింది. కీలులోకి పోయిన పగులు, ముక్కలైన ఎముక, పిల్లల మోచెయ్యి మాత్రం అలా కట్టించకండి. బిగుతు కట్టుతో చెయ్యే పోవచ్చు.

అపోహ: పప్పు తింటే చీము పడుతుంది

పడదు. పప్పు, గుడ్లు, పెరుగు బాగా తినండి. ఎముక అతకడాన్ని నిజంగా ఆలస్యం చేసేది సిగరెట్.

అపోహ: ఆపరేషన్ అక్కడైంది కాబట్టి కాగితాలతో పనిలేదు

లోపలి ప్లేటును అందరికీ తీయాల్సిన పని లేదు. కానీ ఎప్పుడైనా తీయాల్సి వస్తే ఏ కంపెనీదో తెలియాలి, ఎందుకంటే స్క్రూ తలలు కంపెనీని బట్టి మారతాయి, సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. అందుకని డిశ్చార్జ్ రోజునే ఆపరేషన్ నోట్, ఇంప్లాంట్ స్టిక్కర్ల కాపీ, ఎక్స్‌రేలూ స్కాన్లూ ఉన్న సీడీ అడిగి తీసుకోండి. నాకు ఫొటో పంపేటప్పుడు కూడా కంప్యూటర్ తెరను ఏటవాలుగా తీసిన ఒక్క ఫొటో చాలదు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, దెబ్బ తగిలిన తేదీ, వయసు, షుగర్ ఉందో లేదో రాసి పంపండి.