తిరగేసిన ఓమ్

మట్టి పరీక్ష చేయించిన రైతు చేతికి వచ్చే సాయిల్ హెల్త్ కార్డులో ఈసీ, అంటే విద్యుత్ వాహకత్వం (కరెంటును పోనిచ్చే గుణం) అని ఒక గడి ఉంటుంది. నేలలో కరిగే లవణాలు ఎంతున్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది. అంకె 4 దాటితే పాలచౌడుగా లెక్క. దాని కొలమానం ఇప్పుడు 'డెసీసీమెన్స్ పర్ మీటర్'. పాత వ్యవసాయ పుస్తకాల్లో మాత్రం 'మిల్లీమో పర్ సెంటీమీటర్' అని కనిపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, రెండూ ఒకటే. అంకె మార్చే పని లేదు, మారింది పేరొక్కటే.

ఓమ్ అనేది నిరోధానికి, అంటే కరెంటును అడ్డుకునే గుణానికి కొలత. 1ని దాంతో భాగిస్తే వచ్చేది వాహకత్వం. లెక్క తలకిందులైంది కాబట్టి పేరునూ తిరగేద్దామన్నాడు విలియం థామ్సన్. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయింది ఈయనే. 1883లో లండన్‌లో సివిల్ ఇంజనీర్ల ముందు ప్రసంగిస్తూ, ఓమ్ అన్న మాటను ఫోనోగ్రాఫులో వెనక్కి తిప్పితే ఏమొస్తుందో చూడమన్నాడు. ఇంగ్లిష్‌లో మధ్యనున్న 'హెచ్' వల్ల పలకడానికి కాస్త ఇబ్బందే. మనకా బాధ లేదు: ఓ, మ్‌లను అటూ ఇటూ చేస్తే చక్కగా 'మో' అవుతుంది. గుర్తు కూడా ఓమ్‌కు వాడే ఒమేగాను (Ω) బోర్లించిందే.

ఈ సరదా పేరు స్థానంలోకి వచ్చిన సీమెన్స్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. టెలిగ్రాఫు తీగలు నేల మీదా సముద్రం కిందా పరుచుకుంటున్న కాలంలో, తీగ ఎక్కడ దెబ్బతిందో కనిపెట్టాలంటే నిరోధాన్ని కొలవాలి. అందరూ ఒప్పుకునే కొలత మాత్రం లేదు. 1860లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ సీమెన్స్ ఒక దారి చూపించాడు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోతతో మీటరు పొడవున్న పాదరసపు స్తంభానికి సున్నా డిగ్రీల దగ్గర ఎంత నిరోధం ఉంటుందో, అదే ఒక యూనిట్. బ్రిటిష్ శాస్త్రజ్ఞుల కమిటీ వేరే కొలత తయారుచేసింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో గెలిచింది ఓమ్ పేరే. అయితే ఆ ఓమ్‌ను చేసి చూపించడానికి వాడింది పాదరసపు స్తంభాన్నే! 1893లో షికాగో మహాసభ దాని పొడవును 106.3 సెంటీమీటర్లుగా ఖాయం చేసింది. పద్ధతి సీమెన్స్‌ది, పేరు ఓమ్‌ది అన్నమాట. పాదరసపు యూనిట్ విలువ సుమారు 0.94 ఓమ్‌లు. కొన్నాళ్లు వాడుకలో ఉండి, మెల్లగా తెరమరుగైంది.

1971లో తూనికలు, కొలతల మహాసభ సీమెన్స్ పేరును మళ్లీ తెచ్చింది, ఈసారి వాహకత్వానికి. నిరోధం దగ్గర ఓడిన పేరు దాని విలోమానికి దక్కింది. అయినా పాత రేడియో వాల్వుల డేటా పుస్తకాలు తిరగేసేవాళ్లకు మైక్రోమోలు ఇప్పటికీ తగులుతూనే ఉంటాయి.

చాలామంది తడబడే చోటు ఇంకొకటుంది. సీమెన్స్ చివరి 'స్' బహువచనం కాదు, ఇంటిపేరులోనిదే. కాబట్టి ఒక్కటైనా సీమెన్సే, 'ఒక సీమెన్' అనకూడదు.