వలస వెళ్లినవారూ, వారి పిల్లలూ: ఆరోగ్యం, ఆయుర్దాయం గురించిన అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నంలో సామాజిక వైద్యంలో పనిచేసే నాకు వలసతో ముడిపడిన కుటుంబాలు రెండు రకాలుగా తారసపడుతుంటాయి. ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే ప్రాంతాల్లో ఉంటూ, అమెరికాలోనో ఇంగ్లండులోనో స్థిరపడిన పిల్లల దగ్గర ఏటా కొన్ని నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రులు ఒక రకం. గాజువాక, పెందుర్తి మొదలుకొని శ్రీకాకుళం జిల్లా పల్లెల దాకా, ఇంటి మగవారిని కువైట్, ఖతార్, దుబాయ్‌లకు వెల్డింగ్ పనికో భవన నిర్మాణానికో పంపిన కుటుంబాలు రెండో రకం. పరదేశం మనిషి ఆరోగ్యాన్ని ఏం చేస్తుందన్న విషయంలో వీరిద్దరికీ గట్టి నమ్మకాలే ఉన్నాయి. ఆ నమ్మకాల్లో చాలావరకు ఒక్కచోటే దారి తప్పుతున్నాయి. ఎవరి ఆరోగ్యాన్ని ఎవరి ఆరోగ్యంతో పోలుస్తున్నామో ముందుగా తేల్చుకోకపోవడమే ఆ పొరపాటు.

అపోహ: అక్కడి గాలి, నీరు, వైద్యం మంచివి కాబట్టే వలస వెళ్లినవారు ఎక్కువ కాలం బతుకుతారు.

వాస్తవం: చాలా సంపన్న దేశాల్లో వలస వచ్చినవారి మరణాల రేటు అక్కడే పుట్టినవారి రేటు కంటే తక్కువగా నమోదవుతున్న మాట నిజమే. అయితే గాలీ నీరే అందుకు కారణమైతే, అదే గాలి పీల్చే స్థానికులకు కూడా ఆ లాభం దక్కాలి కదా. అసలు కారణం చాలావరకు ప్రయాణానికి ముందే ఉంది. దీర్ఘరోగంతో మంచాన ఉన్నవారు వలస వెళ్లరు. వయసులో ఉన్నవారు, ఒంట్లో సత్తువ ఉన్నవారు, చదువో పనితనమో చేతిలో ఉన్నవారు వెళతారు. ఆపైన వీసా నిబంధనలూ వైద్యపరీక్షలూ మరోసారి జల్లెడ పడతాయి. అమెరికాలో ఉన్న భారతీయ వలసదారుల్లో సుమారు నాలుగింట మూడొంతుల మంది పట్టభద్రులు. చదువు, ఆదాయం ఉన్నవారికి ఏ దేశంలోనైనా ఆయుర్దాయం ఎక్కువే. కాబట్టి న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇంజనీరును విశాఖలోని సగటు మనిషితో కాక, విశాఖలోనే ఉండిపోయిన అతని తోటి ఇంజనీరుతో పోల్చినప్పుడే పరదేశం ఏం ఇచ్చిందో, ఏం తీసుకుందో తెలుస్తుంది.

డబ్బు, చదువు మాత్రమే ఈ తేడాకు కారణమని కూడా అనలేము. అమెరికాలో మెక్సికో మూలాలున్న కుటుంబాలు ఆదాయంలో వెనకబడి ఉన్నా, వారి మరణాల రేటు తెల్లవారి రేటుకు దగ్గరగా, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువగా ఉండటాన్ని 1986లో పరిశోధకులు ఎత్తిచూపారు. నాటి నుంచి ఈ విషయంపై ఎడతెగని చర్చ సాగుతోంది. వలస వచ్చినవారిలో పొగతాగే అలవాటు తక్కువగా ఉండటం ఆ తేడాలో పెద్ద భాగాన్నే వివరిస్తుందని తరువాతి పరిశీలనలు చూపాయి.

అపోహ: జబ్బు పడ్డవారు స్వదేశానికి వచ్చి చనిపోతారు కాబట్టి ఆ లెక్కలన్నీ ఉత్తవే.

వాస్తవం: ఈ అనుమానం తెలివైనది, కొంతవరకు న్యాయమైనది కూడా. చివరి రోజులు సొంత ఊళ్లో గడపాలని తిరిగి వచ్చేవారిని మన నగరంలోనే చూస్తున్నాము. వారి మరణం ఇక్కడ నమోదవుతుంది, అక్కడి లెక్కకు అందదు. స్వీడన్ వంటి దేశాల జనాభా రిజిస్టర్లలో మరో చిక్కు ఉంది. దేశం విడిచి వెళ్లిన మనిషి ఆ సంగతి అధికారులకు తెలపకపోతే, కాగితాల మీద అక్కడే బతికి ఉన్నట్టు ఏళ్ల తరబడి మిగిలిపోతాడు. మరణించినా ఆ కబురు రిజిస్టరుకు చేరదు కాబట్టి మొత్తం రేటు కృత్రిమంగా తగ్గుతుంది.

అయితే ఇదొక్కటే కారణమా అన్నది పరీక్షించి చూశారు. క్యూబా నుంచి అమెరికాకు వచ్చినవారు రాజకీయ కారణాల వల్ల తిరిగి వెళ్లలేని స్థితిలో ఉండేవారు. ప్యూర్టోరికో వారు ఇంటికి తిరిగి వెళ్లినా వారి మరణాలు అమెరికా లెక్కల్లోనే చేరతాయి. ఈ రెండు వర్గాల్లోనూ మరణాల రేటు తక్కువగానే ఉందని 1999లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తిరుగు ప్రయాణాలు లెక్కను కొంత వంచుతాయి గాని, తేడా మొత్తాన్ని పుట్టించవు.

అపోహ: తల్లిదండ్రుల ఆరోగ్యం బాగుంది, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలది ఇంకా బాగుంటుంది.

వాస్తవం: నేను అన్నిటికన్నా ఎక్కువగా విడమరిచి చెప్పాలనుకునే విషయం ఇది. జల్లెడ పట్టింది తల్లిదండ్రులను, పిల్లలను కాదు. ఎంపిక వల్ల వచ్చిన మేలు నెత్తుటిలో దిగదు. రెండో తరం ఆరోగ్యాన్ని వారు పెరిగిన వీధి, చదివిన బడి, దొరికిన ఉద్యోగం, ఎదురైన వివక్ష నిర్ణయిస్తాయి. ఫ్రాన్సులో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన మొదటి తరం మగవారి మరణాల రేటు స్థానికుల కంటే మెరుగ్గా ఉండగా, అక్కడే పుట్టిన వారి కొడుకుల్లో అది స్థానికుల కంటే స్పష్టంగా ఎక్కువగా ఉందని 2019లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఇంగ్లండులో కూడా మొదటి తరానికి ఉన్న అనుకూలత రెండో తరంలో చాలా వర్గాలకు మిగలలేదు.

మానసిక ఆరోగ్యంలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్లిన నార్వే దేశస్థుల్లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఎక్కువగా ఉందని ఓడెగార్డ్ అనే మానసిక వైద్యుడు 1932లోనే రాశాడు. మానసికంగా బలహీనులైనవారే వలస పోతారేమోనని ఆనాడు అనుకున్నారు. కానీ 2005లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు స్థానికులతో పోలిస్తే మొదటి తరంలో ముప్పు సుమారు 2.7 రెట్లు, రెండో తరంలో సుమారు 4.5 రెట్లు ఉన్నట్టు తేలింది. పిల్లలు ఎక్కడికీ వలస పోలేదు. కాబట్టి బలహీనులే వలస పోతారన్న వాదన వారి విషయంలో చెల్లదు. తనవాళ్లు పలచగా ఉన్న పేటలో ఒంటరిగా, పరాయివాడిగా పెరగడంలోనే ముప్పు ఉందని చాలామంది నిపుణులు భావిస్తున్నారు.

ఈ అంకెలను తెచ్చి డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో పెరుగుతున్న మన పిల్లలకు నేరుగా అంటగట్టకూడదు. ఫ్రాన్సులోని ఆ కుర్రాళ్లలో చాలామంది పేదరికం, నిరుద్యోగం మధ్య పెరిగినవారు. కానీ, ‘మా వాడికి అక్కడ ఏం లోటు?’ అని ఇక్కడి నుంచి తేల్చేసే ముందు, ఫోనులో ముభావంగా మాట్లాడే మనవడి విషయంలో కొంచెం ఆగి వినాలని అమ్మమ్మలనూ నానమ్మలనూ తాతయ్యలనూ వేడుకుంటున్నాను.

అపోహ: మనవాళ్లకు షుగర్, గుండెజబ్బు అమెరికా తిండి వల్లే వస్తున్నాయి.

వాస్తవం: తిండికి, కదలికకు పెద్ద పాత్రే ఉంది. జపాన్ వారిని జపాన్‌లో, హొనొలులులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో పోల్చిచూసిన ప్రఖ్యాత అధ్యయనం 1965లో మొదలైంది. ఒకే జాతివారిలో జపాన్ నుంచి అమెరికా వైపు జరిగిన కొద్దీ గుండెజబ్బు పెరుగుతూ వచ్చింది, పక్షవాతం మాత్రం తగ్గింది. జపాన్ సంప్రదాయ జీవితాన్ని, సమాజంతో సంబంధాలను నిలుపుకున్న కుటుంబాల్లో గుండెజబ్బు తక్కువగా ఉందని 1976లో మార్మట్, సైమ్ అనే పరిశోధకులు చూపారు.

మన విషయంలో దోషం మొత్తాన్ని అమెరికాపై తోసేయడానికి వీల్లేదు. విదేశం దాకా ఎందుకు, పల్లె నుంచి పట్నం చేరినా చాలు. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరుల్లోని కర్మాగారాలకు పల్లెల నుంచి వచ్చిన ఉద్యోగులను, ఊళ్లోనే ఉండిపోయిన వారి తోబుట్టువులతో పోల్చిన అధ్యయనం 2010లో వెలువడింది. మగవారిలో మధుమేహం పల్లెలో ఉన్నవారికి 6 శాతం చిల్లర, వలస వచ్చినవారికి 14 శాతం చిల్లర. పట్నంలోనే పుట్టినవారి స్థాయిని వలసవారు అందుకున్నారు. అదే కడుపున పుట్టి అదే ఇంట పెరిగినవారిలో ఇంత తేడా వచ్చింది. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డుల కోసం విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ అంకెల్లో తమను తాము చూసుకోవచ్చు.

ఇదంతా మన జన్యువుల రాత అని చేతులు ముడుచుకోవడం మరో పొరపాటు. చెరకు తోటల కూలికని వెళ్లిన తెలుగువారి సంతతి కూడా ఉన్న మారిషస్‌లో 1987లో సర్వే చేసినప్పుడు, హిందువులు, ముస్లింలు, ఆఫ్రికా సంతతి క్రియోల్‌లు, చైనీయులు అన్న తేడా లేకుండా అందరిలోనూ మధుమేహం దాదాపు ఒకే ఎత్తులో కనిపించింది. వేర్వేరు జన్యువులున్నవారు ఒకే రకం జీవితంలోకి వచ్చి ఒకే జబ్బుకు చేరువయ్యారు.

అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2003 నుంచి 2010 దాకా అమెరికాలో జరిగిన మరణాలను పరిశీలిస్తే, భారతీయ సంతతివారి మొత్తం మరణాల రేటు తెల్లవారి కంటే తక్కువ. అయితే చనిపోయిన భారతీయుల్లో గుండెజబ్బుతో పోయినవారి వాటా ఎక్కువ. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. వాటాను రేటుగా చదివి భయపడేవారూ, రేటును చూసి వాటాను మరిచేవారూ నాకు సమానంగానే తారసపడుతుంటారు.

అపోహ: సన్నగా ఉన్నవారికి ఈ బాధ లేదు.

వాస్తవం: సంక్రాంతి సెలవులకు కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక యువకుడిని తల్లి మా దగ్గరకు తీసుకొచ్చింది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. నడుము ఎంతని అడిగితే, ‘ముప్పై నాలుగేనండీ’ అని ప్యాంటు సైజు చెప్పాడు. ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటారు కాబట్టి ఆ సైజు నడుము కొలత కాదు. పక్కటెముకల చివరకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదలమని కొలిస్తే 94 సెంటీమీటర్లు వచ్చింది. పరగడుపు షుగర్ 118. అంటే మధుమేహానికి ముందు మెట్టు మీద ఉన్నాడు. చూసినవారెవరూ అతణ్ణి లావు అనరు.

మన శరీరతత్వంలో కండ తక్కువ, పొట్ట లోపలి కొవ్వు ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో ఆసియావాసులకు ఎత్తుతో పోల్చి బరువును చూపే శరీర బరువు సూచికలో (బీఎంఐ) 23 దగ్గరే జాగ్రత్త మొదలుకావాలని సూచించింది. నడుము హద్దు దక్షిణాసియా మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. ఇది పుట్టుకతోనే మొదలవుతుందనడానికి పుణె పరిశోధన సాక్ష్యం. అక్కడి పల్లెల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. బరువులో అంత తేడా ఉన్నా, చర్మం కింద కొవ్వు మాత్రం మన శిశువుల్లో అంతగా తగ్గలేదు. ఇంగ్లండులో పుట్టి పెరిగిన దక్షిణాసియా తల్లులకు పుట్టే బిడ్డల బరువు కూడా ఒక తరంలో పెద్దగా పెరగలేదు. బిడ్డ చిన్నగా పుట్టిందని బలవంతంగా తినిపించి బొద్దుగా చేయడం వల్ల మేలు లేదు.

అపోహ: మన పిల్లలకు మన ఊరి జ్వరాలు పట్టవు.

వాస్తవం: పడతాయి. మలేరియాకు ఉండే పాక్షిక రోగనిరోధక శక్తి కొన్నేళ్లు దూరంగా ఉంటే తల్లిదండ్రుల్లోనే సన్నగిల్లుతుంది, అక్కడ పుట్టిన పిల్లలకు అసలే ఉండదు. సంపన్న దేశాల్లో బయటపడే టైఫాయిడ్, మలేరియా కేసుల్లో బంధువులను చూడటానికి వెళ్లివచ్చినవారి వాటా పెద్దది. మనవలను అరకు, పాడేరు వైపు తీసుకెళ్లే ముందు టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు, దోమల నుంచి రక్షణ గురించి అక్కడి వైద్యునితోనే మాట్లాడించండి. చలిదేశంలో పెరిగే పిల్లలకు విటమిన్-డి చుక్కలు మానవద్దు. గ్లాస్గోలో దక్షిణాసియా పిల్లల్లో ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు ఎక్కువై, 1979 నుంచి ఉచితంగా విటమిన్-డి పంచాకే అది తగ్గింది.

అపోహ: గల్ఫ్ మెడికల్‌లో ఫిట్ అని వస్తే ఇక భయం లేదు.

వాస్తవం: ‘మెడికల్ పాసైపోయాను కదండీ, నాకేటవుతాది?’ అని అడిగిన ఒక వెల్డరుకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఆ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటివి చూసేది ముఖ్యంగా ఆ దేశానికి అంటురోగం రాకుండా, పనికి మనిషి సరిపోయేలా. రెండేళ్ల ఎండలో ఆ మనిషి గుండె, మూత్రపిండాలు ఎలా ఉంటాయో అది చెప్పదు. 2009 నుంచి 2017 వరకు ఖతార్‌లో మరణించిన నేపాలీ కార్మికులను పరిశీలించిన వైద్యులు, వేడి పెరిగిన నెలల్లో గుండె సంబంధ మరణాలు పెరిగాయనీ, అలాంటి 571 మరణాల్లో 200 దాకా నివారించగలిగేవనీ అంచనా వేశారు. వీరంతా వైద్యపరీక్షలో నెగ్గి వెళ్లినవారే. ఆరోగ్యవంతుల ఎంపిక మనిషిని కాపాడుతుందన్న మాటకు హద్దు ఇక్కడుంది.

నీళ్లు చాలక, చెమట ఆరక రోజుల తరబడి పనిచేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రపిండ వ్యాధి ఇప్పటికే పీడిస్తున్న ఉద్దానం మండలాల నుంచి వెళ్లేవారికి ఇది రెట్టింపు ఆందోళన. వెళ్లే ముందు బీపీ, సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను పరీక్షలు చేయించుకుని, ఆ కాగితం ఇంట్లో ఒక నకలు ఉంచండి. సెలవుపై వచ్చిన ప్రతిసారీ అవే పరీక్షలు మళ్లీ చేయించి పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి చూడండి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని నిషేధమన్న సంగతి వెళ్లే మనిషికి ముందే తెలిసి ఉండాలి. ఒంటినొప్పులకని నొప్పి మాత్రలు రోజూ మింగే అలవాటు ఉంటే, అది మూత్రపిండాలకు మరింత చేటు కాబట్టి ఆ విషయం వైద్యునికి దాచకుండా చెప్పాలి.

ఇంటివారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ మరణం సంభవిస్తే ధ్రువపత్రంలో చాలాసార్లు ‘సహజ కారణాలు’ అనో, గుండె ఆగిందనో మాత్రమే ఉంటుంది. గుండె ఆగడం ప్రతి మరణంలోనూ జరిగేదే, అది కారణం కాదు. ఆసుపత్రి నివేదిక, పనిచేసిన చోటు, ఆనాటి పని వేళల వివరాలను భారత రాయబార కార్యాలయం ద్వారా రాతపూర్వకంగా అడగవచ్చు. పరిహారం కోరాలన్నా, అదే శిబిరంలో ఉన్న మిగతావారిని కాపాడాలన్నా ఆ వివరాలే ఆధారం.