గట్టు వెనక ఊటనీళ్లు ఏ రంగులో ఉన్నాయి?

ధవళేశ్వరంలో గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక పడిందంటే నా ఫోను ఆగదు. కోనసీమ ఏటిగట్ల మీద ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా అందరూ అడిగేది ఒకటే. "గట్టంచుకి ఇంకా ఎన్నడుగులుంది సార్?" చెబుతాను. కానీ గట్టు వెనక్కి వెళ్లి చూశారా అంటే అవతల మాట ఉండదు.

అపోహ: నీళ్లు గట్టు మీంచి పొర్లితేనే గండి పడుతుంది.

పొర్లితే పడుతుంది, కాదనను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2006 వరదలో గండ్లు పడ్డాక, ఆ 1986 మట్టాన్ని లెక్కలోకి తీసుకునే గట్లు ఎత్తు చేసే పనులు మొదలయ్యాయి. అందుకే నాకు ఎత్తు కంటే గట్టు కడుపు గురించే టెన్షన్. అడుగున ఇసుక పొర, పందికొక్కుల బొరియలు, కొట్టేసిన చెట్టు తాలూకు కుళ్లిన వేర్లు, ఎవరో రాత్రికి రాత్రి గట్టులోంచి దూర్చిన మోటారు పైపు. ఏరు నిండుగా రోజుల తరబడి నిలబడితే నీళ్లు ఈ దారులన్నీ వెతుక్కుంటాయి.

ఇవతల ఊట తేటగా వస్తుంటే కాపలా పెట్టి గమనిస్తాం. మట్టి రంగులోకి తిరిగినా, బుగ్గ (ఊట నేలలోంచి ఉబికే చోటు) చుట్టూ ఇసుక కుప్పగా పడుతున్నా గట్టు లోపల్నుంచి కొట్టుకుపోతోందని అర్థం. అప్పుడు పైన నాలుగడుగుల ఎత్తు మిగిలున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అంతకంటే చేటు చేసేది ఇంకొకటి ఉంది, బుగ్గ మీద మట్టి పోసి మూసెయ్యడం. 2022 జులైలో, 25 లక్షలు దాటిన రాత్రి, ఒక ఊళ్లో నేను వెళ్లేసరికే రెండు ట్రాక్టర్ల మట్టి కుమ్మరించేశారు. బుగ్గ ఆగింది. సంబరపడుతుండగానే పది గజాల అవతల ఇంకా చిక్కగా లేచింది. ఆ మట్టి తెప్పించినాయన ఇల్లు గట్టు దిగువనే. నిలువునా వణికిపోతున్నాడు, ఏమని కసురుతాం? బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు నిలబడనిచ్చాం. ఆ నీటి మట్టం పెరిగేకొద్దీ ఏటి మట్టంతో తేడా తగ్గి, ఊట జోరు తగ్గుతుంది. నీళ్లు రావచ్చు, మట్టి రాకూడదు, అంతే. తెల్లారేసరికి ఊట తేటబడింది. అందరికంటే ఎక్కువ బస్తాలు మోసింది ఆయనే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"బ్యారేజీ గేట్లు ఎత్తేసి ముంచేశారు" అంటారు. ధవళేశ్వరం బ్యారేజీలో నిలవుండేది దాదాపు 3 టీఎంసీలు. 25 లక్షల క్యూసెక్కులు వస్తుంటే అది 20 నిమిషాల నీళ్లు. ఎక్కడ దాచమంటారు?

భద్రాచలంలో 53 అడుగులంటే మనకీ 53 కాదు. అక్కడి హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి, ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75కి.

చేలు మునిగాయని డ్రెయిన్ తూము తలుపులు మీరే ఎత్తొద్దు. ఏరు చేని కంటే ఎత్తులో ఉన్నప్పుడు నీళ్లు అవతలికి పోవు, ఇవతలికే వస్తాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో పోటు మీద ఇంకా ఎక్కువ.

వరద తీస్తోందని ఇళ్లకి పోవద్దు. నానిన గట్టుకి ఏటి వైపు నీళ్ల ఆసరా ఒక్కసారిగా పోతే ఆ వాలు జారిపోతుంది. గట్టు కాపలా కాసే మా లస్కర్లు అప్పుడూ గట్టు దిగరు.

ఫోన్ చేస్తే కిలోమీటరు రాయి నంబరు చెప్పండి, ఊట రంగు చెప్పండి, బుగ్గ చెంబంత ఉందో బిందంత ఉందో చెప్పండి. "గండి పడిందట" అని ఆ వాట్సాప్ ఫోటో మాత్రం పంపకండి. పోయిన వరదకీ అదే వచ్చింది. కోనసీమ అంటున్న ఆ ఫోటోలో ఒక్క కొబ్బరిచెట్టు కూడా లేదు.